ఉతికినా దిగని రంగు

ఉన్న ఒక్క సాక్ష్యాన్నీ శేషన్న శుభ్రంగా ఉతికి, పిండి, నీడన ఆరేశాడు.

"ఉతికేసినావా?" అంది సుమతి. తన చెవుల మీద తనకే నమ్మకం కుదరలేదు.

"ఉతక్కుంటే ఎట్లమ్మీ? బురద పట్టి ఉన్యాది. నూలు గదా!" అన్నాడు శేషన్న.

నూలు గదా అన్న ఆ ఒక్క ముక్కతో తన వాదన అంతా అయిపోయినట్టు ఆయన కాలిన గోదాము ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఎమ్మిగనూరు నేతపేటలో పుట్టిన మనిషికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు మరి. కింద పడ్డ పోగును తొక్కరు, తడిసిన చిలపను, అంటే నూలు కట్టను, ముద్దగా పడెయ్యరు. ప్రపంచంలో ఇంకెవరైనా కాలువలో ఎర్రబడ్డ ఆ చిలపను అంటకుండా పోలీసులకు కబురు పెట్టేవాళ్ళు. శేషన్న మాత్రం ఇంటికి తీసుకుపోయి జాడించాడు.

వెనక నుంచి శివప్రసాద్ నవ్వాడు. ఆ నవ్వు సుమతికి కొత్త కాదు. ఇద్దరూ ఒకప్పుడు కర్నూల్లో ఒకే ఇన్సూరెన్స్ ఆఫీసులో పక్కపక్క బల్లల మీద పని నేర్చుకున్నవాళ్ళు. అతను ఇప్పటికీ అదే కంపెనీలో ఉన్నాడు, ఈ గోదాము బీమా విచారణకు వచ్చాడు. సుమతి బయటికొచ్చి డిటెక్టివ్ ఏజెన్సీ బోర్డు పెట్టుకున్నప్పటి నుంచీ ఎక్కడ ఎదురుపడ్డా ఉప్పూ నిప్పే.

"రాసుకోండి సుమతి గారూ. డ్యూటీలో నిర్లక్ష్యం ఒకటి, సాక్ష్యం నాశనం చెయ్యడం రెండు. సాయంత్రం ఎస్సై గారు వస్తారు. నా రిపోర్టు ఆయన చేతిలో పెట్టి నేను రాత్రి భోజనానికి ఇంటికి పోతాను. మీరు కూడా పోవచ్చు" అన్నాడు.

సంగతి ఇదీ. పోయిన గురువారం మధ్యాహ్నం హరికృష్ణ అనే వ్యాపారి రంగుల గోదాము తగలబడింది. లోపలంతా నూలుకు అద్దే రంగుల పొడి డ్రమ్ములు. ఎమ్మిగనూరు నుంచి, ఆదోని నుంచి ఫైరింజన్లు వచ్చి పొద్దు గూకేలోగా మంట ఆర్పేశాయి. ఎవరికీ ఏమీ కాలేదని అందరూ ఊపిరి పీల్చుకున్నారు. తెల్లారి నేతపేట పెద్దబావిలో చేద వేసిన ఆడవాళ్ళ చేతులు భగ్గున మండాయి. చేదలో నీళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆ పక్కనే పారే వంకలో, ఊరి వాగులో, నీళ్ళు తాగిన గొర్రెలు నురగలు కక్కుకుని పడిపోయాయి.

మంట ఆర్పిన నీళ్ళు గోదామును కడుక్కుని వంకలోకి, అక్కడి నుంచి బావిలోకి చేరాయన్నమాట. అలా చేరకూడదనే లైసెన్సు ఇచ్చేటప్పుడు అన్ని ఏర్పాట్లూ చేయించారు. గోదాము చుట్టూ మోకాలెత్తు గట్టు, వెనక మూలన పెద్ద గుంత, గుంత నుంచి వంకకు పోయే కాలువకు ఇనుప షట్టరు. నిప్పు అంటుకుంటే ముందు షట్టరు దించాలి. ఆర్పిన నీళ్ళన్నీ గుంతలోనే నిలుస్తాయి. తర్వాత నిదానంగా ట్యాంకర్లతో తోడి, శుద్ధి చేసే చోటికి పంపించుకోవచ్చు. షట్టరు దించే బాధ్యత కాపలాదారు శేషన్నది. తెల్లారి వచ్చి చూసిన ప్రతివాడికీ ఆ షట్టరు పైకెత్తి కనిపించింది.

బావిని ఎవరు పాడు చేశారో తేల్చమని చేనేత సంఘం వాళ్ళు సుమతిని పిలిపించారు. తీరా వచ్చి చూస్తే, పేట పేటంతా వేలెత్తి చూపిస్తున్న మనిషి తన నాన్న తిప్పేస్వామి పక్కన నిలబడి ఇరవై ఏళ్ళు రంగులు అద్దిన శేషన్న. జైలుకు పోవాలన్న భయం ఆయనకు ఉందో లేదో గానీ, పుట్టిన పేటలో తన ఇంటి ముందు ఎవరూ ఆగడం లేదన్న బాధ మాత్రం ముఖంలోనే కనిపిస్తోంది. ఆయన భార్య ఈరమ్మ బిందె తీసుకుని పక్క వీధి కొళాయి దగ్గరికి పోతే, ముందున్న ఆడవాళ్ళు బిందెలు తీసుకుని పక్కకు జరిగారట.

"సిన్నాయనా, మొదటి నుంచి మళ్ళీ చెప్పు. మంట అంటుకున్నప్పుడు నువ్వు యాడున్నావు?"

"గేటు కాడ బువ్వ తింటాంటి. పొగ సూసి గిన్నె ఆన్నే పారేసి ఉరికినా. షట్టరు దించినా. దించినాకనే ఫైరోళ్ళకు ఫోన్ జేసినా."

"దించేది ఎవరైనా చూసినారా?"

"ఎవరు సూస్తారమ్మీ? అందరూ మంట సూస్తాండిరి."

"ఇంటికి ఎప్పుడు పోయినావు?"

"మంట ఆరినాక. సారే పంపించినాడు. పొగ పట్టింది, ముసలోనివి, పోయి పండుకో అన్యాడు. మంచోడనుకున్యా."

"అప్పుడు షట్టరు?"

"దించే ఉన్యాది. గుంత నిండి, గట్టు కాడికి ఎర్రగా నిలబడినాయి నీళ్ళు. తెల్లారి వస్తే ఎత్తి ఉన్యాది. కాపు చిలప సూస్తే నెత్తుర్లో ముంచినట్టుంటే, మనసు ఒప్పక తెంచుకోని పోయి ఉతికినా."

కాపు చిలప. 

ఈ గోదాము నిలబడ్డ జాగాలో ఒకప్పుడు నేతగాళ్ళ సంఘం అద్దకపు షెడ్డు ఉండేది. వరసగా రాగి కాగులు, వాటి కింద చింతమొద్దుల మంట, ఆవిరిలో కళ్ళు చికిలించి నిలబడ్డ నాన్న. బడి వదలగానే సుమతి పలక సంచీతో నేరుగా ఇక్కడికే వచ్చేది. బొరుగుల ఉగ్గాని పొట్లం విప్పి కూతురి నోట్లో పెట్టే నాన్న వేళ్ళు ఒక రోజు పచ్చగా, ఒక రోజు నీలంగా ఉండేవి. షెడ్డు నుంచి నీళ్ళు పోయే కాలువ మూతిలో ఎప్పుడూ ఒక తెల్లటి నూలు చిలప కట్టి ఉండేది. అదే కాపు చిలప. వాడేసిన నీళ్ళను మడుగులో నిలబెట్టి, తేరుకున్నాక కొంచెం కొంచెంగా వదిలేవాళ్ళు. చిలప తెల్లగా ఉన్నంతసేపే నీళ్ళు వంకకు పోవాలి. కాస్త రంగు తిరిగిందంటే కాలువకు మట్టి అడ్డం పడాల్సిందే. ఎవరూ చేసిన చట్టం కాదది. వంక పక్కనే తమ బావి ఉందని తెలిసినవాళ్ళు పెట్టుకున్న కట్టు. షెడ్డు పోయింది, కాగులు పాత సామాన్లవాడికి పోయాయి, నాన్న పోయాడు. శేషన్న మాత్రం ఎవరూ అడక్కపోయినా హరికృష్ణ గోదాము కాలువకూ చిలప కడుతూనే ఉన్నాడు. ఇన్నేళ్ళ తర్వాత ఆ మాట విన్నందుకు సుమతికి సంతోషంగానూ ఉంది, ఏడుపూ వచ్చేట్టుంది.

ఇంతలో హరికృష్ణే వచ్చాడు. తెల్ల చొక్కా, మెడలో సన్నటి గొలుసు, మాటలో తేనె.

"ఎండలో నిలబెట్టినారు మేడంని! ఆఫీసులోకి రాండి, టీ తెప్పిస్తా."

"టీ తర్వాత. ఆ సాయంత్రం శేషన్నను ఎందుకు పంపించారు?"

"వయసైన మనిషి. దగ్గుతాండె. జాలిపడినా మేడం, అదే నా తప్పు."

"ఆయన పోయాక ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. నేనే గేటుకు తాళం వేసి ఇంటికి పోయినా. తెల్లారి మళ్ళా నేనే తీసినా."

"తాళంచెవులు ఎన్ని?"

"ఒక్కటే. నా జేబులోనే ఉంటాది."

"గోడ దూకి ఎవరైనా రావడానికి?"

"ముళ్ళకంచె సూడండి మేడం, పిల్లి గూడా దూకల్యాదు. శేషన్న షట్టరు దించలేదు, అంతే కథ. భయపడి మర్చిపోయింటాడు. నేనేమీ అనుకోను."

"వెనక మీ అద్దకం ఫ్యాక్టరీకీ గోదాముకూ మధ్య ఆ సంపు ఏమిటి?"

"బోరు నీళ్ళు మేడం. ఇప్పుడు ఖాళీ." హరికృష్ణ గడియారం చూసుకున్నాడు. "ఏమనుకోకండి, ఆదోని పోవాల. ఆడ పాత జిన్నింగ్ మిల్లు లీజుకు తీసుకోని ఇట్లాంటిదే ఇంకో యూనిట్టు నడుపుతాండాము. మిల్లు కాడ కొంచెం పనుంది."

కారు దుమ్ము లేపుకుంటూ పోయింది. పోతూ పోతూ మూడు టీలు పంపించమని ఎదురుగా ఉన్న కొట్టుకు చెప్పిపోయాడు. ఎంత మర్యాదస్తుడో!

సుమతి టీ పక్కన పెట్టి గుంత దగ్గరికి నడిచింది. షట్టరు ముందు మోకాళ్ళ మీద కూర్చుని గోడను వేలితో తడిమింది. గుంత అంచుకు పైన, గట్టు గోడ మీద ఎర్రటి గీత ఉంది. తాడు పట్టి గీసినట్టు ఒకే ఎత్తున మూల నుంచి మూలకు సాగింది.

"శివప్రసాద్, ఇది చూశారా?"

"చూశాను. ఎర్ర నీళ్ళు వచ్చాయి, ఎర్ర గీత పడింది."

"పారే నీళ్ళు గీత గీయవు. చారలు పెడతాయి. నిలబడిన నీళ్ళే గీత గీస్తాయి. మా నాన్న కాగుల్లో లోపలి వైపు ఇలాంటి వలయాలే ఉండేవి. ఇక్కడ నీళ్ళు చాలాసేపు కదలకుండా నిలబడ్డాయి. అంటే షట్టరు దించి ఉంది."

"రెండు ఫైరింజన్లు కొట్టిన నీళ్ళండీ! కాలువ పట్టక వెనక్కి తన్ని ఉంటాయి."

"అలాగైతే షట్టరు బయట కూడా ఇంతే ఎత్తున గీత ఉండాలి. రండి."

బయట కాలువ గోడ మీద గీత లేదు. అడుగున మాత్రం సన్నటి ఎర్ర చారలు. ఎవరో షట్టరును కొద్దిగా ఎత్తి, చప్పుడు కాకుండా, నిదానంగా వదిలిన నీళ్ళు అవి. శివప్రసాద్ వంగి చూశాడు. మళ్ళీ లోపలికి పోయి చూశాడు. అతను మొండివాడే గానీ గుడ్డివాడు కాదు.

"సరే, దించాడు. మళ్ళీ ఎవరో ఎత్తారు. శేషన్నే ఎత్తాడేమో?"

"తాళంచెవి ఒక్కటే. అది ఎవరి జేబులో ఉందో మీ ముందే చెప్పాడు కదా."

"హరికృష్ణ ఎందుకు ఎత్తుతాడు?" శివప్రసాద్ గొంతు పెరిగింది. "మీకు తెలియందా? గుంతలో నీళ్ళు తోడించి శుద్ధి చేయించే ఖర్చు మా కంపెనీదే. పాలసీలో స్పష్టంగా ఉంది. అతని చేతి డబ్బు పోయేది ఏమీ లేదు. ఆ నీళ్ళు వంకలోకి వదిలితే కేసు మీద పడుతుంది. ఏ వెర్రివాడు చేస్తాడా పని? మీ చిన్నాన్నను కాపాడుకోవాలని మీకుండొచ్చు, కానీ కారణం లేకుండా నేను రిపోర్టు మార్చను."

సుమతికి ఒళ్ళు మండింది. మండినా, అడిగిన ప్రశ్న మాత్రం సరైనదే. శుద్ధి చేసేచోటికి ఊరికే పంపించగలిగిన నీళ్ళను దొంగచాటుగా వంకలోకి ఎందుకు వదలాలి?

ఆమె శేషన్న సంచీలోంచి చిలపను తీసుకుంది. ఎర్రగా, నిండుగా, పండగ చీర పోగులా ఉంది. వాసన చూసింది. పక్కనున్న బకెట్లో మంచినీళ్ళు పోయించి చిలపను ముంచి గట్టిగా పిండింది. మళ్ళీ ముంచి పిండింది.

బకెట్లో నీళ్ళు తేటగానే ఉన్నాయి.

"సిన్నాయనా, నువ్వు ఉతికినప్పుడు రంగు దిగిందా?"

"మొదట నీళ్ళు ఎర్రబడినాయి. తర్వాత దిగలా. ఎంత జాడించినా దిగలా. పట్టుకుండాది."

సుమతి చిలపను మళ్ళీ ఎత్తి చూసింది. కళ్ళ ముందు గోదాము లేదు, బొగ్గయిన దూలాలు లేవు. ఎనిమిదేళ్ళ పిల్ల ఒకతె నాన్న చూడకుండా తన తెల్ల లంగా అంచును కాగులో ముంచింది. ఎర్రంచు లంగా! జాతరకు అదే కట్టుకుంటానని వీధంతా తిరిగి చూపించుకుంది. మర్నాడు అమ్మ ఒక్కసారి ఉతికేసరికి ఎరుపంతా నీళ్ళలో పోయి, పాత తెలుపు మిగిలింది. వెక్కి వెక్కి ఏడుస్తుంటే నాన్న నవ్వుతూ ఎత్తుకుని చెప్పాడు. "సోడా వెయ్యకముందే ముంచినావు గదమ్మీ! సోడా పడని రంగు సుట్టం మాదిరి. ఒక పూట ఉండి పోతాది. సోడా పడిందంటే ఇంటిమనిషి. ఎల్లగొట్టినా పోదు."

"శివప్రసాద్!" సుమతి చిలపను అతని ముందుకు చాపింది. "ఈయన ఉతికి సాక్ష్యం చెరపలేదు. ఉతికి సాక్ష్యం తేల్చాడు. ఉత్త నీళ్ళలో కలిసిన రంగు నూలుకు నిలవదు. ఒక్క జాడింపుకు దిగిపోవాలి. ఈ చిలపకు రంగు ఇంటిమనిషిలా పట్టేసింది. అంటే వంకలోకి పోయిన నీళ్ళలో చాకలిసోడానో కాస్టిక్ సోడానో దండిగా ఉంది. ఆడవాళ్ళ చేతులు మండింది కూడా అందుకే."

"గోదాములో సోడా కూడా ఉంటుందిగా? రంగులతో పాటు అదీ కాలి కరిగి ఉంటుంది."

"చూద్దాం పదండి."

సోడా బస్తాల గది గేటు పక్కన విడిగా ఉంది. మంట అటు పోనేలేదు. బస్తాలన్నీ కుట్టిన కుట్టు కుట్టినట్టే పొడిగా ఉన్నాయి. శివప్రసాద్ ఒకటి రెండు బస్తాలను చేత్తో తట్టి చూసి బయటికొచ్చాడు. ఈసారి నవ్వలేదు.

ఇక మిగిలింది సంపు. సుమతి మూత పక్కకు లాగి తొంగిచూసింది. అడుగున ఇంత మురుగు తప్ప ఖాళీ. కానీ గోడలకు లోపలంతా తెల్లటి పెచ్చు కట్టి ఉంది, సున్నం కొట్టినట్టు. ఆమె రేకుముక్కతో కాస్త పెచ్చు గీకి, చుక్క నీళ్ళతో తడిపి, ఆఫీసు గది వైపు నడిచింది. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు శుక్రవారం శుక్రవారం గడపకు పసుపు రాస్తారు. ఆ పసుపు మీద తడి పెచ్చును రుద్దింది.

పసుపు కుంకుమలా ఎర్రబడింది.

"పారాణి!" అన్నాడు శేషన్న, తెలియకుండానే. పెళ్ళిళ్ళలో పసుపూ సున్నమూ కలిపి కాళ్ళకు పెట్టింది గుర్తొచ్చినట్టుంది పాపం.

"బోరు నీళ్ళు ఎక్కడైనా పసుపును పారాణి చేస్తాయా?" అంది సుమతి. "ఇది ఫ్యాక్టరీలో నూలు ఉడికించి, రంగులద్ది వదిలిన నీళ్ళు నిలవబెట్టిన సంపు. కాస్టిక్‌తో నిండిపోయి ఉండాలి. పెచ్చు పైదాకా కట్టింది. అంత నిండుగా ఉన్నది ఇప్పుడెలా ఖాళీ అయింది?"

శివప్రసాద్ నుదురు తుడుచుకున్నాడు. "వచ్చే సోమవారం కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ తనిఖీ ఉంది. ఇక్కడా, ఆదోని మిల్లులోనూ. మాకూ కాపీ వచ్చింది."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. పాత ఆఫీసులో ఏదైనా చిక్కుముడి విడిపోతున్నప్పుడు ఇలాగే చూసుకునేవాళ్ళు. అవీ ఒకరకంగా మంచిరోజులే.

"అయితే గుంతలో నీళ్ళు ట్యాంకర్లకు ఎందుకు ఇవ్వలేదో అర్థమైంది" అన్నాడు శివప్రసాద్ మెల్లగా. "శుద్ధి చేసేచోట ముందు పరీక్ష చేస్తారు. రంగు ఒక్కటే అయితే సరే. ఫ్యాక్టరీ మురుగు బయటపడితే లైసెన్సు పోతుంది. కానీ సంపులో మురుగు గుంతలోకి ఎలా వచ్చింది? మధ్యలో కాలువ కూడా లేదే!"

గేటు దగ్గర మోటారుసైకిల్ ఆగింది. ఆదోని ఫైర్‌స్టేషన్ లీడింగ్ ఫైర్‌మన్ వీరన్న. మంట ఆర్పినవాళ్ళ వాంగ్మూలం కావాలని సుమతి పొద్దున్నే ఫోన్ చేసి పిలిపించింది. నమస్కారం పెట్టబోయి, చేతులు కలపలేక ఆగిపోయాడు. అరచేతులు రెండూ పొక్కి, తోలు లేచి, మందు రాసి ఉన్నాయి.

"నిప్పుకు కాలినాయా వీరన్నా?"

"నిప్పుకైతే నాకు తెల్దా మేడం? పైపు పట్టుకున్న చేతులు ఇవి. రంగు పడలేదేమో అని డాక్టరు అన్యాడు. మా వాళ్ళు నలుగురికీ ఇట్లనే."

సుమతి సంపు వైపు చూసింది. "మీ ఇంజన్లలో నీళ్ళు చివరిదాకా సరిపోయాయా?"

"యాడ సరిపోతాయి? సగం మంట ఉండంగానే అయిపోయినాయి. నింపుకోని రావాలంటే అంతలోపల అంతా పోతాది. దేవుని మాదిరి ఓనరు సారే వచ్చి ఆ సంపు మూత తీసినాడు. బోరు నీళ్ళు, ఎంత కావాలంటే అంత తోడుకోండి అన్యాడు. పైపు దించి తోడినాం. సంపు అడుగంటేదాకా కొట్టినాం మేడం. ఆ సారు లేకుంటే..."

ఎదురుగా ఉన్న ముగ్గురి ముఖాలూ చూసి వీరన్న మాట ఆపేశాడు. సుమతి చెప్పింది. చెప్పక తప్పలేదు. ఆ సంపులో ఏముందో, ఎందుకు తోడమన్నాడో, ఎవరూ లేనప్పుడు షట్టరు ఎవరు ఎత్తారో, ఆ నీళ్ళు ఏ బావిలోకి పోయాయో.

వీరన్న తన చేతుల వంక చూసుకున్నాడు. "అంటే... ఆయప్ప ఇసం మేమే మోసినామా? మా చేతుల్తో?" అని అక్కడే మెట్టు మీద కూలబడ్డాడు. "మంట ఆర్పేది ఎంత పనో, ఆర్పిన నీళ్ళు ఆపేది అంత పని అని మాకు నేర్పిస్తారు మేడం. షట్టరు దించి ఉందని సూసి, నిమ్మళంగా నీళ్ళు కొట్టినా."

"నువ్వు సూసినావా?" శేషన్న ముందుకొచ్చాడు. "దించి ఉన్నింది నువ్వు సూసినావా అప్పా?"

"సూడకుండా ఎట్ల కొడతాం అన్నా? మేము పోయేటప్పుడు గూడా దించే ఉన్యాది. ఎవరూ నన్ను అడగలా."

శివప్రసాద్ తన ఫైల్లోంచి టైపు చేసిన రిపోర్టు తీసి, నిలువునా చించి జేబులో కుక్కుకున్నాడు. "ఎస్సై గారికి నేనే చెప్తాను పెద్దాయనా. మీ మీద కేసు ఉండదు."

"కేసు సంగతి గాదు సారూ." శేషన్న కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "బావి కాడికి వచ్చి సెప్పండి. మా ఈరమ్మ ఇనేటట్లు, అందరూ ఇనేటట్లు సెప్పండి. శేషన్న దించినాడని."

సుమతి ఆయన చెయ్యి పట్టుకుంది. వేళ్ళ గోళ్ళ కింద ఇంకా ఎర్రగా ఉంది, అప్పటి నాన్న చెయ్యిలాగే.  అంతలో వీరన్న ఫోన్ మోగింది.

"స్టేషన్ నుంచి సంతోష్" అంటూ, పుళ్ళ చేత్తో చెవిదాకా ఎత్తలేక స్పీకరు పెట్టాడు.

"అన్నా, పాత జిన్నింగ్ మిల్లు అంటుకునింది! పత్తి చెత్త కుప్పలో మొదలై రంగుల గదికి పాకుతాండాది. మేము వచ్చి ఆర్పుతాండాము. నువ్వు తొందరగా రా."

హరికృష్ణ ఆదోనికి ఏ పని మీద పోయాడో, సోమవారం తనిఖీకి ముందు అక్కడి సంపును ఎలా ఖాళీ చేయిస్తాడో అక్కడున్న నలుగురికీ ఒకేసారి అర్థమైంది.

"సంతోష్, నేను సుమతిని, డిటెక్టివ్‌ని. ఆ మిల్లు నీళ్ళు ఎక్కడికి పోతాయి?"

"వెనక వంకకు మేడం. కింద పేటల బోర్లన్నీ ఆ వంక పక్కనే."

"షట్టరు ఉందా?"

ఫోన్‌లో జవాబు రాకముందే శేషన్న చెప్పాడు. "లేదమ్మీ. ఆ మిల్లు నేను సూసినా. గట్టు గూడా లే."

"సంతోష్, విను. కాలువ మూతికి పత్తి బేళ్ళు దొర్లించి అడ్డం వెయ్యండి. వాటి మీద ఇసుక పొయ్యండి. అక్కడ సంపు ఉంటుంది, దాని మూత కూడా ముట్టుకోవద్దు. నీళ్ళు చాలకపోతే ఊళ్ళో ట్యాంకర్లు పిలిపించండి. మిల్లు కాలినా సరే."

అవతల మంట చిటపటల మధ్య సంతోష్ గొంతు పెరిగింది.

"మిల్లు కాలనిస్తే నా ఉద్యోగం పోతాది మేడం. మీరెవరో నాకు తెల్దు. ఈడ ఓనరు సారే ఉండాడు. సంపు మూత తీసి పెట్టినాడు. పైపు దించేసినాం."

శివప్రసాద్ అప్పటికే కారు దగ్గరికి పరుగెత్తి తలుపులు తెరిచాడు. ఆదోని దగ్గరేమీ కాదు. అందరికంటే ముందు వెనక సీట్లో ఎక్కి కూర్చున్నది శేషన్న.

"నువ్వెందుకు సిన్నాయనా? నీ పేరు తేలిపోయింది కదా, ఇంటికి పో."

"షట్టరు లేని కాడ మనిషన్నా అడ్డం పండుకోవాల గదమ్మీ" అన్నాడాయన, సంచీని ఒళ్ళో పెట్టుకుంటూ. అందులో ఉతికిన ఎర్ర చిలప పక్కనే ఇంకో చిలప ఉంది, తెల్లగా, కొత్తది.

కారు కదిలింది. వీరన్న ఫోన్‌ను నోటి దగ్గరికి తెచ్చుకుని గొంతు చించుకున్నాడు. "సంతోషా! నేను వీరన్నను సెప్తాండా! నా చేతులు సూసినావు గదరా! సంపు తోడొద్దు! ఆపు!"

అటు నుంచి సంతోష్ గొంతు రాలేదు. ఫోన్‌కు కాస్త దూరంగా, మర్యాదగా, తేనెలా ఇంకో గొంతు వినిపించింది.

"తోడుకోండప్పా, తోడుకోండి. బోరు నీళ్ళే."

ఆ వెంటనే పంపు మోటరు మొదలైన మోత కారంతా నిండిపోయింది.